తప్పు గీత

పర్ణశాల తలుపు మూడోసారి కూడా చట్రంలో సరిగ్గా పడలేదు.

తలియాకు ఏడుపొక్కటే తక్కువ. పొద్దు వాలితే యూదుల పర్ణశాలల పండుగ మొదలు. రోష్ హాయిన్ ఊళ్ళో ఆ సందంతా పర్ణశాలలు లేచాయి, వీళ్ళది తప్ప. భర్త కప్పు వెయ్యడానికి ఖర్జూరపు మట్టల కోసం వెళ్ళాడు. అత్త జొహరా పక్కింట్లో మెంతి పచ్చడి చేస్తోంది. ఏటా ఈ చెక్క పలకలు నిలబెట్టిన మామగారు ఇప్పుడు లేరు. పందిరి కూడా లేకపోతే అత్త తట్టుకోలేదు.

"ఆ మూడో పలక తలకిందులు చెయ్యమ్మా."

గేటు దగ్గర సంచీతో ఓ ముసలాయన.

"ఇటే పైకని గీత ఉంది కదండీ?"

"ఆ గీతే తప్పు."

"ఊరికే చెప్తే ఎలా? వచ్చి పట్టండి మరి."

ఆయన నవ్వుతూ వచ్చి పలక తిప్పాడు. తలుపు చక్కగా పడింది. మిగతావీ చకచకా బిగించేశాడు.

"ఇంటి పెద్ద ఏరీ?"

"మామగారు మొన్న పస్కా పండుగప్పుడు కాలం చేశారండీ."

ఆయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"అయ్యో, అందులో వద్దు పెద్దాయనా. అది పండుగ రాత్రి మూలపురుషుడు అబ్రహాము తాత అతిథిగా వచ్చి కూర్చునే కుర్చీ. నలభై ఏళ్ళుగా మామగారు ఎవర్నీ కూర్చోనివ్వలేదట. ఉండండి, ఇంకోటి తెస్తా."

ఆయన మెల్లగా లేచాడు.

తలియా కుర్చీ తెచ్చేసరికి మనిషి లేడు.

జొహరా గిన్నెతో వచ్చి, పర్ణశాలను చూసి నిలబడిపోయింది.

"ఎవరు నిలబెట్టారే?"

"ఎవరో పెద్దాయన. బస్సుకి వెళ్ళినట్టున్నారు. మూడో పలక..."

జొహరా వంగి చూసింది. పాత గీత గోకేసి ఉంది. పై కొసన కొత్త గీత.

గిన్నె వదిలేసి సందు చివరికి పరుగెత్తింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. పండుగ కాబట్టి రేపు చుక్కలు పొడిచేదాకా ఇంకోటి లేదు.

"ఏ ఊరో కూడా అడగలేదత్తయ్యా," అంది తలియా.

"చిన్నప్పుడు మీ మామా, తమ్ముడు సాదియా కలిసి చేసిన పలకలివి. ఆ గీత సాదియా తప్పు గీశాడు. మాట పట్టింపొచ్చి ఇల్లొదిలి పోయాడు. చెరిపెయ్యవయ్యా అంటే, వాడే వచ్చి చెరపాలి అనేవాడు మీ మామ."

జొహరా ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యేసింది.

"అబ్రహాము తాత పేరు నలుగురి కోసం చెప్పేవాడు. ఇది సాదియా కుర్చీయే తల్లీ."