రెండక్షరాల మీద విచారణ

"ఇవ్వాల్సిన మాత్ర ఇవ్వకుండా రాత్రంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నావటగా?" అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు.

నర్సు విచారణ కమిటీ ముందు నిలబడి ఉంది. సభ్యులు ముగ్గురు: మేట్రన్, ఫార్మసిస్టు, పెద్ద డాక్టరు. ఫిర్యాదు చేసింది పెద్ద డాక్టరే. కమిటీలో సీనియర్ డాక్టరు ఒకరు ఉండాలని రూలు. ఆసుపత్రిలో అంత సీనియర్ ఆయనొక్కడే.

సస్పెన్షన్ ఉత్తర్వు టైపు చేసి ఫైల్లో పెట్టారు. సూపరింటెండెంటు సంతకమే మిగిలింది.

"కూర్చోలేదు సార్. డాక్టరుగారికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తి, మాట వినకుండానే పెట్టేశారు. పొద్దున రౌండ్సులో ఆయన నోటితో చెప్పాక మాత్ర వేశాను."

"అదే నా ఫిర్యాదు" అన్నాడు పెద్ద డాక్టరు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. మీరు రాసిందేమిటని ఒక్క నర్సు అడిగిన పాపాన పోలేదు."

"మరి అర్థం కాకపోతే ఏం చేసేవాళ్ళు సార్?"

"ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు."

మేట్రన్ దగ్గింది.

సూపరింటెండెంటు కేసు షీటు తీశాడు. ఇరవై రోజుల కిందటిది. ఏడో నంబరు మంచం, గుండెజబ్బు. మాత్ర పేరు బాగానే చదవొస్తోంది. పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు.

"నీకు కొరుకుడుపడనివి ఈ రెండేనా?"

"ఒక వార్డులో వాటికి పడుకునేముందు అని అర్థం సార్. పక్క వార్డులో సగం మాత్ర అని. ఏదో తేలకుండా గుండెజబ్బు మనిషికి ఎలా వేస్తాను?"

"పొట్టకోస్తే అక్షరమ్ముక్క లేదు. పైగా నాకు ఫోన్లు" అన్నాడు పెద్ద డాక్టరు.

సూపరింటెండెంటు తెల్లకాగితాన్ని మూడు ముక్కలు చేసి సభ్యులకు పంచాడు.

"ఈ లైను ప్రకారం రోగికి ఏం ఇవ్వాలో రాయండి. ఒకరిది ఒకరు చూడొద్దు. ముగ్గురిదీ ఒకటే అయితే చదవడం రాకపోవడం ఈ అమ్మాయి తప్పు. ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

నర్సు ఫైలు వంక చూసింది.

కేసు షీటు చేతులు మారింది. మేట్రన్ చూస్తూనే రాసేసింది. ఫార్మసిస్టు కూడా ఆలోచించలేదు. పెద్ద డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. షీటును కిటికీ వైపు తిప్పాడు.

"ఎంత టైము ఇస్తున్నారు?" అన్నాడు.

"మీరు రాసిందే కదండీ."

చివరికి ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

సూపరింటెండెంటు మేట్రన్ చీటీ చదివాడు: "పడుకునేముందు ఒక మాత్ర."

ఫార్మసిస్టుది చదివాడు: "సగం మాత్ర, వెంటనే."

మేట్రన్, ఫార్మసిస్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మీ ఇద్దరి సంగతి అలా ఉంచండి" అన్నాడు సూపరింటెండెంటు. "రాసిన మనిషే ఇక్కడుండగా మనకెందుకీ గొడవ?" పెన్ను మూత తీసి పక్కన పెట్టుకుని, పెద్ద డాక్టరు చీటీ మడతలు విప్పి పైకి చదివాడు:

"ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సును అడగండి."