బువెంబో తీర్పు

"దేవుడా, ఈ రోజు ఆ తీర్పు కొట్టెయ్యకుండా చూడు" అని ముసలి జుంబా పైకే అనేశాడు.

పక్కన కూర్చున్న నమాటోవు వింది. ముసలాయన కూడా తింటాడేమోనని అప్పుడే అరిటాకు పొట్లం విప్పుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఏ తీర్పు తాతా?"

"బువెంబో తీర్పు."

"నువ్వు భూస్వామివా?"

"నాకు కాలు మోపే నేల కూడా లేదమ్మా. అద్దె గది."

"మరి భూస్వాముల తరఫున మొక్కుతావేం? నీకు సిగ్గు లేదూ?"

నమాటోవు పొట్లం మళ్లీ కట్టేసి బల్ల ఆ చివరికి జరిగింది. ఆమెతో వచ్చిన కౌలుదారులూ జరిగారు. సుప్రీంకోర్టు హాల్లో అంత జనంలో జుంబా చుట్టూ మాత్రం ఖాళీ.

బువెంబో తీర్పంటే ఆ దేశంలో తెలియని రైతు లేడు. కౌలుదారు ఏడాదిపాటు ఊళ్లో లేకపోతే నేల మీద హక్కు పోతుంది. ఆస్పత్రిలో పడి ఉన్నా పోతుంది, కడుపు చేత పట్టుకుని పట్నం వెళ్లినా పోతుంది. పదేళ్లు లండన్‌లో కూర్చున్న భూస్వామి హక్కు మాత్రం చెక్కు చెదరదు. ఎదురు తిరిగిన కౌలుదారుని భూస్వాములు బెదిరించే మాట ఒక్కటే. "నిన్నూ బువెంబో చేస్తా!"

నమాటోవు మొగుడు క్షయతో మంచాన పడ్డాడు. ఆస్పత్రిలో ఏడాదికి పైగా అతనికి చాకిరీ చేసి, చివరికి శవంతో ఊరికొచ్చింది. పూడ్చడానికి వెళ్తే తమ కౌలు తోట చుట్టూ భూస్వామి వేసిన కంచె.

హైకోర్టుకి వెళ్లింది. అక్కడ ఒక్క జడ్జి. "నీ కష్టం నాకు అర్థమైంది. కానీ సుప్రీంకోర్టు చెప్పినదాన్ని నేను కాదనకూడదు" అన్నాడు. అప్పీలు కోర్టుకి వెళ్లింది. అక్కడ ముగ్గురు. ముగ్గురిదీ అదే పాట. సుప్రీంకోర్టు మాటని తీసెయ్యగల కోర్టు ఒక్కటే, ఆ సుప్రీంకోర్టే.

"మామూలు కేసుకి అయిదుగురు కూర్చుంటారు" అని గార్డు ఓగ్వాంగ్ ఆమెకి చెబుతున్నాడు. "వాళ్ల మాట వాళ్లే మింగాలంటే మాత్రం ఏడుగురూ రావాలి."

"ఆ ఏడుగురూ నాకు కాదంటే?"

"ఆ పైన ఇంకో కోర్టుంది, దేవుడిది. అక్కడికి ఫైలు వెళ్లదక్కా. మనిషే వెళ్లాలి."

కౌలుదారులు నవ్వారు. ఓగ్వాంగ్ హుషారెక్కి ముసలాయన వైపు తిరిగాడు.

"ఏం ముజీ, పెద్దాయనా, రోజూ మాకంటే ముందే దిగబడతావు. కేసు లేదు, లాయరు లేడు. ఫ్యాను గాలి కోసమా?"

"గాలికే నాయనా."

"గాలికా! అక్కా, ఈయన్ని నమ్మకు. లాయరు లేచి 'బువెంబో' అన్నాడంటే చాలు, పెళ్లి పిలుపు అందినట్టు ముఖం వెలిగిపోతుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నానో."

"భూస్వామి కుక్క" అన్నారెవరో వెనక నుంచి. గట్టిగానే అన్నారు. జుంబా తల తిప్పలేదు.

ఏడుగురూ వచ్చారు. అందరూ లేచి నిలబడి, కూర్చున్నారు. జడ్జీలు ఒక్కొక్కరే చదవడం మొదలుపెట్టారు.

మొదటాయన తీర్పు మార్చాలన్నాడు. రెండో ఆవిడ అక్కర్లేదంది. నిన్న ఒకటి, నేడు ఒకటి చెబితే జనం కోర్టుని నమ్మరంది. జుంబా ముందుకి వంగాడు. అలా అటొకరు, ఇటొకరు. ఆరుగురు అయ్యేసరికి ముగ్గురూ ముగ్గురూ సమానం.

నమాటోవు కొంగు నోట్లో కుక్కుకుంది. జుంబా బల్ల అంచు పట్టుకున్నాడు. హాలంతటిలో ఒకేలా వణికినవాళ్లు వాళ్లిద్దరే.

మిగిలింది చీఫ్ జస్టిస్. కళ్లద్దాలు సర్దుకుంది.

"మా పైన కోర్టు లేదు. కాబట్టి మేం తప్పు చేస్తే దిద్దుకోవాల్సింది మేమే. బువెంబో తీర్పు ఈ రోజుతో చెల్లదు. ఇకమీదట ఏ కోర్టులోనూ ఎవరూ దాన్ని ఎత్తకూడదు."

ఆడవాళ్ల కేకలకి కప్పు ఎగిరిపోయేలా ఉంది. ఓగ్వాంగ్ ఆపాలి. ఆపలేదు.

"పీడ విరగడైంది!" నమాటోవు ఏడుస్తూ నవ్వుతోంది. "ఇక ఈ దేశంలో ఆ పేరు ఎవడి నోటా వినపడదు!"

"ఇకనుంచి నమాటోవు తీర్పు!" అని అరిచారు జనం. ఆమెని భుజాల మీదకి ఎత్తబోయారు.

ఆమె విడిపించుకుని ముసలాయన దగ్గరికొచ్చింది. గెలిచిన మనిషి, ఊరుకుంటుందా?

"ఏం తాతా, నీ మొర దేవుడు వినలేదా?"

"లేదమ్మా. నీది విన్నాడు." ఆయన మెల్లగా లేచాడు. "న్యాయంగా అయితే నీదే వినాలి. వెళ్లు, వానలొచ్చేలోగా దున్నించుకో."

నమాటోవు పక్కకి జరిగి దారిచ్చింది.

గుమ్మం దగ్గర ఓగ్వాంగ్ సలాం కొట్టాడు. "రేపు పెందలాడే వస్తావుగా ముజీ?"

"రేపు ఇక్కడ నేను వినడానికి ఏముంది నాయనా?"

జుంబా ఒక్కడే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బువెంబో ఆయన ఒక్కగానొక్క కొడుకు. ఆ తీర్పు వచ్చిన కేసులో ఓడి, నేల పోయి, సరస్సులో చేపల పడవెక్కి మునిగిపోయాడు. ఆ తర్వాత ఈ లోకంలో వాడి పేరు బెదిరింపుగా కాక పలికే నోళ్లు లాయర్లవే మిగిలాయి.