డాబా మీద సిగ్నల్

"మళ్లీ పోయిందక్కా," అన్నాడు ఉమామహేష్.

లాప్‌టాప్ తెర మీద నీలం గీత సగంలో ఆగిపోయింది. ఈశ్వరి తెర వంక చూడలేదు, తమ్ముడి ముఖం వంకే చూసింది.

"పోతే మళ్లీ పట్టు. సీకటి పడితే ఆ కంపెనీవోలు వీడియో తీసేత్తారు."

ఈశ్వరి మొగుడు దొరబాబు పనిచేసే ఓడని సోమాలియా దగ్గర సముద్రపు దొంగలు పట్టుకుని అప్పటికి నెల దాటింది. ఓడలో ఉన్నవాళ్లని చూపిస్తూ వీడియో ఒకటి వచ్చిందని, నెట్‌లో చూసుకోమని పొద్దున ఓడ కంపెనీ గుమస్తా ఫోన్ చేశాడు. ఇంట్లోనే చూడాలి, నెట్ సెంటర్‌కి వెళ్లకూడదన్నాడు. సంగతి పేపర్లకెక్కితే దొంగలు ఇంకా బిగుసుకుంటారట. "మా ఆయన ఉన్నాడా బాబూ అందులో?" అని ఈశ్వరి అడిగితే, "నేను చూళ్లేదమ్మా," అని పెట్టేశాడు. ఓడలో ఒకర్ని కాల్చేశారని హార్బర్‌లో అనుకుంటున్నారు. ఎవర్నన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు.

వాళ్ల ఊరు యారాడలో ఏ ఇంటికీ నెట్ లేదు. అందుకని ఉమామహేష్ సిటీలో, సీతమ్మధారలో తను పనిచేసే ఆఫీసు లాప్‌టాప్ బతిమాలి తెచ్చాడు. దారిలో చవకరకం నెట్ కార్డొకటి కొన్నాడు. చూపుడువేలంత ఉంది. తీగా గీగా అక్కర్లేదు, లాప్‌టాప్‌కి గుచ్చితే ఇంట్లోకే నెట్ వచ్చేస్తుందని షాపువాడు చెప్పాడు. గదిలో గుచ్చితే రాలేదు. అరుగు మీద కూర్చున్నా రాలేదు. డాబా ఎక్కాక ఒక్క సిగ్నల్ గీత వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.

"కొండ అడ్డమొత్తంది," అన్నాడు ఉమామహేష్. "కార్డుకి పొడుగు వైరు తగిలించి ఎత్తుగా పట్టుకోవాల. ఎనకాల అల్యూమినియం గిన్నేదైనా ఉంటే సిగ్నల్ బాగా అందుద్దంట."

అత్తగారు పోతమ్మ మారుమాట్లాడకుండా మెట్లు దిగి, తను చేపలమ్మే బేసిన్ పట్టుకొచ్చింది. కొడుకు సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె దాన్ని నెత్తికెత్తుకోలేదు.

లాప్‌టాప్‌తో పాటు తెచ్చిన పొడుగు వైరు తగిలించి, కార్డుని బేసిన్ మధ్యలో దారంతో కట్టారు. ఈశ్వరి చీరకుచ్చెళ్లు ఎగదోపుకుని పిట్టగోడ ఎక్కింది. బేసిన్‌ని రెండు చేతులా తలకంటే ఎత్తుకి లేపింది. సముద్రం మీంచి వచ్చే గాలికి అది తెరచాపలా వెనక్కి లాగుతోంది.

"కొంచెం ఎడమకి తిప్పు. ఇంకొంచెం. ఆఁ, అక్కడే ఉండక్కా. కదిపితే పోద్ది."

ఆమె ఉన్నచోటికి లాప్‌టాప్ కనబడదు. ఎదురుగా కొండ, పక్కన సముద్రం. తల తిప్పితే చేతులు కదులుతాయని మెడ బిగబట్టుకుంది.

"తెరుసుకుందా?"

"తెరుసుకుంది. ఉండు, సౌండ్ తీసేత్తన్నాను. పక్కింటోలు ఇంటారు."

కింద వీధిలో ఎవరిదో సైకిల్ గంట వినిపించింది.

"మడుసులు కనబడతన్నారు," అంది పోతమ్మ. "ఓడ మీద. వరసగా కూకున్నారు. ఎనకాల ఎవుడో తుపాకీ అట్టుకున్నాడు."

"ఆయనున్నాడా అత్తా?"

"సూత్తన్నాను. ఒక్కొక్కుడూ లేసి ముందుకొచ్చి ఏటో సెప్పి ఎల్లిపోతన్నాడు. ఈడు కాడు. ఈడూ కాడు. ఈ గెడ్డపోడు మన శ్రీకాకుళం అర్జునరావు, మనింటికి వొచ్చినోడే."

ఈశ్వరి చేతులు కిందికి జారుతున్నాయి. బేసిన్ అంచు అరచేతుల్లోకి దిగుతోంది. గీతలు తగ్గుతున్నాయని తమ్ముడు చెబితే, పళ్లు బిగించి దాన్ని మళ్లీ పైకెత్తింది.

"ఇంకెంతమందున్నారు?"

ఈశ్వరి బేసిన్ అంచు మీద పట్టు మార్చుకుంది.

"అత్తా, అడుగుతన్నాను."

"అయిపోయారే," అంది పోతమ్మ. "అందరూ లేసి మళ్లీ కూకున్నారు. నా కొడుకు లేడు."

ఉమామహేష్ తడబడ్డాడు. "ఆగత్తా. బావ లోపలెక్కడో ఉండొచ్చు. ఇంజన్ గదిలో..."

"అందర్నీ సూపించేరు కదరా," అంది పోతమ్మ. అని, ఉన్నచోటే నేల మీద చతికిలబడింది. చేతి గాజు గచ్చుకి తగిలిన చప్పుడు ఈశ్వరికి వినబడింది.

బేసిన్ వదిలేస్తే చాలు, చేతులు కిందికొస్తాయి. పిట్టగోడ దిగి అత్తని పట్టుకోవచ్చు. తనూ పక్కన కూలబడొచ్చు. కానీ వదల్లేదు. వదిలితే ఆ ఓడ మళ్లీ కనబడదు. అతను లేని ఓడే అయినా సరే.

"ఒరే, మొదట్నించీ మళ్లీ పెట్టు," అంది.

"వొద్దక్కా. దిగు."

"నాను సూడ్నేదు కదరా. సౌండ్ పెట్టు, ఇంటాను."

"పక్కింటోలు..."

"ఇననీ. ఇంకేటి దాయాల?"

ఉమామహేష్ సౌండ్ పెంచాడు. ముందు గాలి హోరు వినబడింది. తర్వాత ఎవరో హిందీలో తన పేరూ, ఊరి పేరూ గబగబా చెప్పాడు. ఇంకొకడు చెప్పాడు. ఈశ్వరి కొండ వంక చూస్తూ ఒక్కొక్క గొంతూ వింటోంది. ఆ గొంతుల్లో ఒక్కటీ అతనిది కాదు.

"నా పేరు అర్జునరావు," అని ఒక గొంతు తెలుగులో అని ఆగిపోయింది.

అప్పుడు, ఆ గొంతులన్నిటికంటే దగ్గరగా, కెమెరా పట్టుకుని వీడియో తీస్తున్న మనిషి మాట్లాడాడు.

"ఊరి పేరు కూడా సెప్పు బావా," అన్నాడు దొరబాబు. "ఇంటికాడ మనోలు సూత్తంటారు."