ఎందుకమ్మ జవాబు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. నీకు ఎందుకమ్మ సంగతి చెప్తాను. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుందని ఇంట్లోవాళ్లు ఆ పిల్లకు పెట్టిన పేరది.

ఆ పిల్ల బడి లైబ్రరీ గదిలోకి వచ్చి, కుర్చీ బరబరా లాక్కుని కూర్చుంది. ఎదురుగా పరిశోధకుడు. ఆడపిల్లలు లెక్కలకూ సైన్సుకూ ఎందుకు దూరం జరుగుతున్నారో తేల్చడానికి వచ్చి వారంగా అక్కడే మకాం వేసిన పెద్దమనిషి. బల్ల మీద రికార్డరు. పక్క కుర్చీలో ఒక టీచరమ్మ. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలవడం, పంపడం ఆవిడ పని. ఆవిడ ఏదో చెప్పబోతే ఆయన వేలెత్తి ఆపాడు. మధ్యలో ఎవరైనా మాట కలిపితే పరిశోధన చెడిపోతుందట.

"లెక్కలంటే భయం ఎప్పటినుంచమ్మా?" అన్నాడు, జ్వరం వచ్చినవాళ్లను పలకరించినట్టు.

"భయమేమీ లేదండీ. వారం నుంచి మాకు లెక్కల క్లాసే లేదు. సోమవారం పరీక్ష. అది గట్టెక్కకపోతే నాకు సైన్సు గ్రూపు ఇవ్వరు. అది చెబుదామనే వచ్చాను."

ఆయన తల పంకించి, భయం ఉందని ఒప్పుకోవడానికి కూడా భయపడుతోందని రికార్డరుకు చెప్పుకున్నాడు.

ఎందుకమ్మకు ఒళ్లు మండింది. మీకు తోచిన లెక్క ఇవ్వండి, ఇక్కడే చేసి చూపిస్తానంది. బెదురు దాచుకోవడానికి బింకం పోతోందన్నాడు. గొంతు పెంచితే ఆందోళన అన్నాడు. సరే కదా అని నోరు మూసుకుంటే సిగ్గు అన్నాడు. ఆయన దగ్గర ఆడపిల్లల కోసం ముందే కుట్టిపెట్టుకున్న గౌను ఒకటుంది. అది పట్టకపోతే తప్పు పిల్లదే కానీ గౌనుది కాదు.

టీచరమ్మ మాత్రం కిటికీలోంచి ఎదుటి క్లాసు గది వైపే చూస్తూ కూర్చుంది.

"నేనొకటి అడగొచ్చా?" అంది ఎందుకమ్మ.

"అడుగమ్మా, బెదరకు."

"టీచర్ని మీ పక్కన ఎందుకు కూర్చోబెట్టుకున్నారు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. అడిగేవాళ్ల కోసమే ఎదురు చూస్తున్నట్టు చెప్పుకొచ్చాడు. మగవాళ్ల ముందు ఆడపిల్లలు నోరు విప్పరని, హడలిపోతారని తనకు ముందే తెలుసట. అందుకని వచ్చిన రోజునే, పని ముగిసేదాకా ఒక ఆడ టీచర్ని తన దగ్గరే ఉంచమని హెడ్మాస్టరును పట్టుబట్టి అడిగాడట.

"అంతా మీ మంచికే కదమ్మా" అన్నాడు చివరికి.

ఎందుకమ్మ లేచింది. ఒక చేత్తో రికార్డరును తన వైపు జరుపుకుంది. రెండో చేత్తో టీచరమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

"ఇది కూడా ఎక్కించుకోండి. ఈ బడి మొత్తానికి ఆడ టీచరు ఈవిడొక్కరే. మాకు లెక్కలు చెప్పేదీ ఈవిడే. పదండి టీచర్, క్లాసులో అందరూ ఎదురు చూస్తున్నారు."

అదమ్మా సంగతి. గుర్తుపెట్టుకుని నీ తోటిపిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు ఆ ఆఖరి మాట దగ్గర మాత్రం గొంతు తగ్గించకు.