చెవిపెట్టెకు తెలియని ముద్దు

ఆ కాలానికి ఫుట్‌బాల్ జట్టులోకి ఎవరు రావాలో ఇంట్లో మాటలన్నీ వింటూ ఇంటింటి గోడకున్న చెవిపెట్టే తేల్చేది. జనం పొగిడినవాళ్లను పైకెత్తేది, తిట్టినవాళ్లను కిందికి దించేది. గంట మోగేసరికి ఎవరు పైనుంటే వాళ్లదే ఆ చోటు.

అనంతపురం జట్టుకు గోల్‌కీపర్ కావాలి. టీవీలో మనవరాలు హంసిని బొమ్మ పడగానే ఓబులమ్మ గుండె నిండిపోయింది. అయితే సొంత పిల్లను నోరారా పొగిడితే దిష్టి తగలదూ?

"ఇదొక మొద్దుమొగం. బంతి పట్టమంటే గాలి పడతాది," అంది. ముద్దుకొద్దీ వీధంతా అలాగే తిట్టింది. పెట్టె హంసిని బొమ్మను అడుక్కి దించేసింది.

తర్వాత పక్కవీధి చెన్నారాయుడి బొమ్మ పడింది. "అబ్బో, ఈ మహానుభావుడు నిలబడితే ఇంక గోలు పడతాదా," అని అందరూ పగలబడి నవ్వారు. పెట్టె వాణ్ణి ఎక్కడికో ఎత్తేసింది.

"కొంప ముంచితివి గదవ్వా," అంది హంసిని, కళ్లు తుడుచుకుంటూ. "దానికి ఎగతాళి తెలీదు, ముద్దూ తెలీదు. గంట మోగేలోగా నన్ను పొగుడు."

ఓబులమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకొచ్చింది. పిల్ల చుట్టూ తిప్పుతూ, "నా తల్లి చేతులు దాటి చీమ కూడా పోదు," అని పెట్టెకు వినబడేలా చెప్పి, అన్నీ నిప్పుల్లో వేసింది. అది విని వీధంతా అదే పని చేసింది. ఊరంతా ఘాటు కమ్ముకుంది.

హంసిని బొమ్మ పైకొచ్చింది. గంట ఇంకా మోగలేదు. ఓబులమ్మ సంబరం పట్టలేక, "ఓసి దొంగమొగందా..." అనబోయింది.

హంసిని ఒక్క దూకు దూకి అవ్వ నోరు మూసింది. జట్టు కోసం ఆమె ఆపిన మొదటి గోలు అదే.