గింజల నూనె ప్రతిజ్ఞ

ఆరోగ్యాభిమానులారా! పొద్దుతిరుగుడు లాంటి గింజల నూనె ఏదీ ముట్టనని రీల్స్ సాక్షిగా ప్రతిజ్ఞ చేసి, చివరికి మీ పరువు తీసినందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

ఆ రోజు మార్కాపురంలో మా పొద్దుతిరుగుడు గింజలు ఎవరూ కొనలేదు. బస్తాలు ఆటోలోనే ఉంచి, నాయనా నేనూ పెద్ద కంపెనీ బర్గర్ల షాపులో కూలబడ్డాం.

"చెల్లెమ్మా, వేయించేది గింజల నూనెలోనేనా?" అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను.

"లేదన్నా, అంతా పామాయిలే."

పామాయిల్ పండు గుజ్జులోంచి తీసేది, గింజల నూనె కాదు; నా వ్రతం గెలిచింది. నాయన మాత్రం బయట ఆటో వైపు చూశాడు.

"ఇంట్లో నువ్వు ముట్టవు, ఈడ వీళ్లు వాడరు. ఇంగ ఎవరికోసం పండియ్యాలరా?"

అప్పుడు నేను చేసిన నేరం ఒక్కటే. "పొద్దుతిరుగుడు నూనె లేకుంటే మేం తినం," అని షాపంతా వినపడేలా చెప్పి, నాయనతో పాటు ఆకలితోనే బయటికి నడిచాను.