గరుడ మీద తొమ్మిదోసారి

"మళ్లీ వచ్చిందా ఆవిడ?"

రెత్నో ముఖానికున్న ప్లాస్టిక్ తెరను కాస్త పైకెత్తి మెట్లవైపు చూసింది. ఆకుపచ్చ తలముసుగు వేసుకున్న నడివయసు మనిషి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వస్తోంది. పొద్దుటి నుంచి ఆమె గరుడ ఎక్కడం ఇది ఏడోసారి.

"వచ్చింది, బు," అన్నాడు పుర్వోతో సీట్లు మందునీళ్లతో తుడుస్తూ. గరుడ అనే ఆ రోలర్ కోస్టర్‌లో జనాన్ని కూర్చోబెట్టి, ఒళ్లోకి ఇనప కడ్డీ దించి, బిగిసిందో లేదో చూడటం అతని పని. పదహారేళ్లుగా అదే పని. అక్కడ అజమాయిషీ చేసే రెత్నోని అతను 'బు', అంటే అమ్మగారూ, అనే పిలుస్తాడు.

"సరదాకి ఎక్కుతున్నట్టు లేదే. దిగినప్పుడల్లా ఆ బెంచీ మీద కూలబడుతోంది."

పుర్వోతో తలెత్తకుండా పక్క సీటు తుడిచాడు.

ఇండోనేషియాలో మలాంగ్ ఊరి పైనున్న కొండల్లో, కరోనా వల్ల నాలుగు నెలలు మూతపడిన పార్కు తెరిచి అది ఐదో రోజు. రోజుకి తొమ్మిది వందల మందిని మించి రానివ్వకూడదు. ఇరవై నాలుగు సీట్ల గరుడలో సీటు విడిచి సీటు, పన్నెండు మందే. పనిలోకి పిలిచింది కూడా మూడోవంతు సిబ్బందినే. అదీ, మూడు నెలలు పార్కు వెనక వసతిగృహంలోనే ఉంటామని సంతకం పెట్టినవాళ్లని. వాళ్లు ఇంటికి పోకూడదు, ఇంటివాళ్లు ఇక్కడికి రాకూడదు. ఒక్కరికి జబ్బు సోకినా మళ్లీ గేటుకి తాళమే.

మొన్న రెత్నో భర్త పాపని ఎత్తుకుని గేటు దాకా వస్తే, వెనక్కి వెళ్లిపొమ్మని ఆమే కబురంపింది. సామాన్ల గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి విజిల్ ఊదింది. ఈసారి ఈ పార్కు మూతపడదు. అంతే.

అలాంటిది, ఈవిడెవరో ఇక్కడ కళ్లు తిరిగి పడిపోతే?

"అక్కా, ఆగండి." రెత్నో చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పటికి ఆరుసార్లు ఎక్కారు."

"ఎన్నిసార్లయినా ఎక్కొచ్చని గేటు దగ్గర చెప్పారే."

"జనం తక్కువ కాబట్టి చెప్పారు. మీ మొహం చూసుకున్నారా, ఎలా పాలిపోయిందో?"

"మాస్కు ఉంటే మొహం ఎక్కడ కనబడింది మీకు?"

వరసలో ఉన్న కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. రెత్నోకి కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"ఏ ఊరు మీది?"

"బొండోవోసో దగ్గర. రెండు బస్సులు మారి వచ్చాను."

"ఇంత దూరం వచ్చి ఇదొక్కటే ఎక్కుతారా? అటు పడవలున్నాయి, రంగులరాట్నం ఉంది. హాయిగా తిరగండి."

"నాకిదే కావాలి."

"భయం వెయ్యట్లేదూ?"

"చచ్చేంత భయం," అంది ఆమె. "ఇంట్లో నిచ్చెన కూడా ఎక్కను నేను."

రెత్నో అడ్డం పెట్టిన చెయ్యి దించింది. ఆవిడ నడిచి వెళ్లి మూడో వరసలో కూర్చుంది. ప్రతిసారీ అక్కడే.

పుర్వోతో వరసగా కడ్డీలు దించుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్క నొక్కు, ఒక్క గుంజు. ఆమె దగ్గర మాత్రం నొక్కాడు, గుంజాడు, మళ్లీ నొక్కాడు. ఆమె ముందుకి వంగి, అతని చేతి తొడుగు పక్కనే కడ్డీకి నుదురు ఆనించింది. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకుంది రెత్నో.

"పుర్వోతో! ఎంతసేపు?"

"కడ్డీ సరిగా పడలేదు, బు. పెద్దావిడ, జాగ్రత్తగా చూడొద్దూ?"

"అయితే ఆ సీటు మార్పించాలి."

"వద్దొద్దు, ఇప్పుడు సరిపోయింది."

బండి కదిలింది. పైకెక్కేదాకా ఆమె గొంతు వినపడలేదు. దిగేటప్పుడు వేసిన కేక కింద మిఠాయి దుకాణం దాకా వినపడింది.

ఎనిమిదోసారి దిగాక ఆమె నిలబడలేకపోయింది. బెంచీ పక్కకి వంగి సంచీలో వాంతి చేసుకుంది. కణతలకి యూకలిప్టస్ నూనె రాసుకుంది. రెత్నో గ్లాసుడు వేడి అల్లంనీళ్లు తెచ్చి, బెంచీ చివర పెట్టి దూరంగా జరిగింది. ఆమె సగం తాగి లేచి, మళ్లీ మెట్లవైపే నడిచింది.

"ఇక చాలు!" రెత్నో గట్టిగానే అంది. "మీకేమన్నా అయితే రేపు ఎనభైమంది రోడ్డున పడతారు. మీ వాళ్లని పిలుస్తాను. గేటు దగ్గర నింపిన కాగితం ఏదీ?"

ఆమె కళ్లలో మొదటిసారి అసలైన బెదురు కనిపించింది.

"ఫోన్ చెయ్యొద్దమ్మా. కావాలంటే నన్ను పంపెయ్యండి. ఫోన్ మాత్రం వద్దు."

"ఇవ్వండి."

ఆమె చేతిసంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. రెత్నో చదివింది. పేరు తుమినా. ఒంటివేడి మామూలే. దగ్గు లేదు, జ్వరం లేదు. ఆపద వస్తే ఎవరికి చెప్పాలి? ఆ గడి దగ్గర ఆగిపోయింది. మళ్లీ చదివింది.

తల ఎత్తి చూస్తే, పైన పుర్వోతో చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. తుడవడం లేదు.

పార్కు మూసే వేళైంది. ఆఖరి బండి బయల్దేరాలి.

రెత్నో కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేసింది.

"చేతులకి మందు రాసుకోండి. మాస్కు బిగించుకోండి. మూడో వరసే కదా? వెళ్లి కూర్చోండి."

ఆమె నమ్మలేనట్టు చూసింది. తర్వాత గబగబా మెట్లెక్కింది.

"పుర్వోతో!"

"బు?" అతను గుడ్డ పక్కన పెట్టాడు.

"ఆవిడ కడ్డీ బాగా చూడు. తొందరేం లేదు."

అని, వాళ్లకి వీపు తిప్పి, ఖాళీ అయిపోయిన వరసవైపు చూస్తూ నిలబడింది.

కాగితంలో భర్త పేరు పుర్వోతో.